సూది కంటే ముందు ఆ రెండు గంటలు

మీరు రాసిన సంగతి ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. పాపకి నాలుగున్నరేళ్లు. మూడు నెలల కిందట జ్వరానికి ఆస్పత్రిలో చేర్చారు, నరం దొరక్క కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) కోసం రెండు చేతులూ గుచ్చారు. అప్పట్నుంచి ఆస్పత్రి గేటు కనబడితే చాలు, మిమ్మల్ని కరుచుకుపోతోంది. వెయిటింగ్ హాల్లో రెండు గంటలూ ఏడుపే, కిందటిసారి వాంతి కూడా చేసుకుంది. ఫోన్ చేతికిచ్చినా చూడటం లేదు. మీ అత్తగారేమో గారాబం ఎక్కువైందంటున్నారు. ఐదేళ్ల టీకా దగ్గర పడుతోంది, ఎలా తీసుకెళ్లాలి అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. పిల్లల ఓపీలో ఇరవై ఏళ్లకు పైగా సిస్టర్ని, మొదట ప్రభుత్వాసుపత్రిలో, తర్వాత ప్రైవేటులో. మందుల మాట వచ్చినచోట మీ డాక్టర్ గారినే అడగమంటాను. మిగతాది రోజూ చూసే వ్యవహారమే కాబట్టి ధైర్యంగా చెప్తాను. ఇది గారాబం కాదు. ఆ వయసు పిల్లకి జ్వరం ఎన్ని రోజులుందో గుర్తుండదు గానీ, ముగ్గురు పెద్దవాళ్లు కదలకుండా పట్టుకున్న సంగతి ఒంటికి గుర్తుంటుంది. స్పిరిట్ దూది వాసనో, ట్రాలీ చక్రాల చప్పుడో తగిలేసరికి ముందు ఒళ్లు బిగుస్తుంది, పొట్టలో తిప్పుతుంది. ఏడుపు ఆ తర్వాత వస్తుంది. దాన్ని మొండితనం అనుకుని గదమాయిస్తే ఇంకాస్త బిగుస్తుంది.

సూది పని నిజానికి పది సెకన్లు. అసలు నష్టమంతా దాని ముందు గంటల్లో జరుగుతుంది. ఎప్పుడు పిలుస్తారో తెలీదు, లోపల ఏం చేస్తారో తెలీదు, లోపల్నుంచి మాత్రం ఇంకెవరి ఏడుపో వినిపిస్తూ ఉంటుంది. పెద్దవాళ్లకే కష్టమైన సంగతి అది. చాలామంది ఆ సమయాన్ని ఎలాగోలా గడిపేయాలని చూస్తారు. ఫోనో, చిప్స్ ప్యాకెట్టో పెట్టి నెట్టుకొస్తారు. నేను చెప్పేది దాన్ని వాడుకోమని. ఆ రెండు గంటల్లో చెయ్యాల్సిన పనులు ఉన్నాయి, కొన్నిటికి అంత సమయం పడుతుంది కూడా. కాకపోతే మొదలు ఇంట్లోనే పెట్టాలి.

ఈ భయం చాలా ఇళ్లలో అన్నం కంచం దగ్గరే మొదలవుతుంది. "తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా", "అల్లరి చేస్తే సిస్టరమ్మొస్తుంది" అంటారు. బూచాడి ఉద్యోగం మాకిచ్చేశారు! మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు జబ్బునీ, నొప్పినీ తాము చేసిన తప్పుకి శిక్ష అనుకుంటారు. తమ్ముణ్ణి కొట్టాను కాబట్టి నాకు సూది వేశారు అని మనసులో పెట్టుకుంటారు, పైకి అనరు. అందుకని ముందు ఇంట్లో ఆ బెదిరింపు మాట ఎవరు వాడుతున్నా ఆపించండి. తర్వాత పాప ప్రశాంతంగా ఉన్న ఒక పూట, నిద్రపుచ్చేటప్పుడైనా సరే, సూటిగా చెప్పండి: "ఆ రోజు నీకు జ్వరం ఎక్కువైంది. మందు ఒంట్లోకి వెళ్లడానికి చేతికి గొట్టం పెట్టారు. నువ్వు తప్పు చేసినందుకు కాదు." ఒకసారి చెప్తే సరిపోదు. అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతుంది, అడిగినప్పుడల్లా అదే జవాబు ఇవ్వండి.

ఇంకో పని, నాకు బాగా నమ్మకమున్నది. మెడికల్ షాపులో 5 ఎంఎల్ సిరంజి ఒకటి కొత్తది కొని, సూదిని అక్కడే తీసేయించండి. ఇంటికి తెచ్చి ఏమీ చెప్పకుండా స్నానాల గదిలో నీళ్ల బకెట్ పక్కన పెట్టండి. మొదటి రోజు దాని వంక కూడా చూడకపోవచ్చు. మీరే దాంతో నీళ్లు లాగి తులసి మొక్కకి కొట్టండి. రెండో రోజుకో మూడో రోజుకో తనే అడుగుతుంది. పిస్టన్ లాగితే నీళ్లు రావడం, నొక్కితే దూరంగా చిమ్మడం పిల్లలకి భలే సరదా, ఇంట్లో అందర్నీ తడిపేస్తారు. అలా పది రోజులు ఆడిన వస్తువు ఆస్పత్రి ట్రేలో కనబడినప్పుడు కొంచెమైనా తెలిసిన వస్తువులా ఉంటుంది. తర్వాత బొమ్మకి టీకా వేయించండి. తనే సిస్టర్, మీరు బొమ్మ తరఫు అమ్మ. కొందరు పిల్లలు బొమ్మని కసిగా పాతికసార్లు పొడుస్తారు, కంగారుపడకండి, ఆపకండి. బొమ్మతో ఏమంటుందో మాత్రం చెవి పెట్టి వినండి. "నోరు ముయ్, కదలకు" అంటోందంటే ఆ రోజు ఎవరో తనతో అన్న మాటే అది. వాడేసిన సిరంజిని మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే, లోపల పిస్టన్ చివరుండే నల్ల రబ్బరు ఊడి నోట్లోకి వెళ్లకుండా చూసుకోండి.

టీకా సంగతి ఎప్పుడు చెప్పాలి? మీ పాప వయసుకి ముందు రోజు సాయంత్రం చాలు, మరీ అయితే రెండు రోజుల ముందు. వారం ముందు చెప్తే వారమంతా అదే బెంగ. రెండేళ్ల పిల్లలకైతే ఆ పొద్దున చెప్తే సరిపోతుంది. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి నాలుగైదు రోజుల ముందు చెప్పండి, వాళ్లకి అడగడానికి చాలా ఉంటాయి. ఏ వయసైనా సరే, అత్తయ్య వాళ్లింటికి అని చెప్పి ఆస్పత్రి దగ్గర ఆటో దింపడం మాత్రం వద్దు. ఆ పూటకి పని జరుగుతుంది. ఆ తర్వాత నిజంగా అత్తయ్య వాళ్లింటికి వెళ్తున్నా, మలుపు దగ్గర ఏడుపు మొదలవుతుంది.

ఏ మాటల్లో చెప్పాలన్నది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. "ఏమీ చెయ్యరమ్మా", "అస్సలు నొప్పి ఉండదు" అని చెప్పకండి. గదిలోకి వెళ్లిన నిమిషానికి అది అబద్ధమని తేలిపోతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మదు. చీమ కుట్టినట్టుంటుంది అనే మాట కూడా నాకు అంతగా నచ్చదు. చీమ కుడితే గోల చేసే పిల్లకి అదేం ధైర్యం? ఉన్నదున్నట్టు చెప్పండి: "చేతికి చిన్న సూది. గుచ్చినప్పుడు నొప్పి పెడుతుంది. నేను మూడు అంకెలు లెక్కపెట్టేసరికి అయిపోతుంది. ఆ తర్వాత ప్లాస్టర్ వేసుకుని ఇంటికొచ్చేస్తాం." చివరి మాట ముఖ్యం. ఆ జ్వరమప్పుడు నాలుగు రోజులు ఉంచేశారు కదా, ఈసారీ ఉంచేస్తారేమోనన్న భయం తనకి ఉండే ఉంటుంది. ఇక "ఇంజెక్షన్ చేయించుకుందామా?" అని అడగొద్దు. వద్దంటుంది, అప్పుడు మీ దగ్గర జవాబుండదు.

ఇక ఆ రోజు సంగతి. టీకాని జబ్బు చూపించుకునే రోజుతో కలపకండి. ప్రభుత్వంలో అయితే మన దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు, మీ ప్రాంతంలో టీకాలు వేసే ఏఎన్ఎం అక్కను అడిగితే ఎప్పుడు రద్దీ తక్కువో చెప్తుంది. ప్రైవేటులో అయితే ఫోన్ చేసి టీకాలకి విడిగా సమయం ఉందా అని అడగండి, చాలా క్లినిక్కుల్లో ఉంటుంది. లేకపోతే పొద్దున మొదటి టోకెన్లలో ఒకటి తీసుకోండి. సోమవారం సాయంత్రాలు, పండగ సెలవుల మర్నాడు ఎంత తప్పించుకుంటే అంత మంచిది. ఎన్ని సూదులో కూడా ఫోన్లోనే అడగండి. ఐదేళ్లకి ప్రభుత్వ షెడ్యూల్లో ఉన్నది డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) రెండో బూస్టర్, ప్రైవేటులో దాంతో పాటు ఇంకొకటీ రెండూ రాయొచ్చు. ఒకటే అని చెప్పి తీసుకెళ్తే అక్కడ రెండయ్యాయనుకోండి, పాప దృష్టిలో అబద్ధం చెప్పింది మీరే.

తిండి విషయంలో మన వాళ్లది అతి జాగ్రత్త. రక్త పరీక్ష అనగానే పొద్దున్నించి పాలు కూడా పట్టకుండా తీసుకొస్తారు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీకి, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ చూసే సీఆర్పీకి, డెంగీ పరీక్షకి ఖాళీ కడుపు అక్కర్లేదు. ఫాస్టింగ్ షుగరు, కొన్ని పొట్ట స్కానింగులు, మత్తిచ్చి చేసేవి, వీటికే కావాలి. మత్తు ఉన్నప్పుడు మామూలుగా చెప్పే లెక్క: తిండికీ, డబ్బా పాలకీ 6 గంటలు, తల్లిపాలకి 4, మంచినీళ్లకి 2. మీకు ఏది చెప్పారో అదే పాటించండి, కానీ అడిగి తెలుసుకోండి. ఆకలితో ఉన్న పిల్లని ఏ ఆటా ఊరడించదు. టీకాకైతే ఇడ్లీ పెట్టి తీసుకురండి. మీ పాపకి ఏడిస్తే వాంతి అవుతోంది కాబట్టి బయల్దేరే ముందు గ్లాసుడు పాలు మాత్రం వద్దు. ఒక జత బట్టలు, ఒక తువ్వాలు సంచిలో పెట్టుకోండి, మీకే ధైర్యంగా ఉంటుంది.

ఎంతమంది రావాలి? ఇద్దరు. ఒకరు టోకెన్, బిల్లు, ఫైలు చూసుకోవాలి, ఇంకొకరు పాపని విడవకూడదు. ఒంటరిగా వచ్చిన తల్లి బిడ్డనెత్తుకుని బిల్లు కౌంటర్లో నిలబడి, చిల్లర కోసం వెతుక్కుంటూ, చెవిలో ఏడుపు వింటూ ఉంటే ఆమె గుండె దడే పిల్లకి అందుతుంది. అలాగని ఆరుగురు వద్దు. 1950ల దాకా ఇంగ్లండులో చాలా ఆస్పత్రులు చేరిన పిల్లల్ని చూడ్డానికి అమ్మానాన్నల్ని ఎప్పుడో కాసేపు తప్ప రానిచ్చేవి కావు. ఎప్పుడైనా రానివ్వాలని 1959లో, ఆస్పత్రుల్లో పిల్లల బాగోగుల మీద అక్కడ వేసిన ప్లాట్ కమిటీ నివేదిక చెప్పాల్సి వచ్చింది. మనకా ఇబ్బంది పెద్దగా లేదు. మనకుండేది అమ్మమ్మ, నానమ్మ, బాబాయి, పక్కింటి ఆంటీ, తలా ఒక సలహా. ఆరు గొంతులు ఒకేసారి ఊరడిస్తుంటే ఏదో పెద్ద ప్రమాదమే వచ్చిందనుకుంటుంది పిల్ల. మీ అత్తగారిని రావద్దనకండి, బాధపడతారు. ఆవిడకొక పని అప్పగించండి, దాని సంగతి కిందకొస్తాను.

హాల్లోకి వెళ్లగానే ఎక్కడ కూర్చోవాలో చూసుకోండి. టోకెన్ నంబర్లు కనబడాలి, ఇంజెక్షన్ గది తలుపు కనబడకూడదు. పిల్లల ఏడుపంత త్వరగా అంటుకునేది ఇంకోటి లేదు. ఆ తలుపు పక్క కుర్చీలో గంట కూర్చోబెడితే లోపల్నుంచి వచ్చే ఒక్కో అరుపూ తనకోసమే అనుకుంటుంది. వీలైతే అసలు హాల్లోనే కూర్చోకండి. అటెండర్‌కో, రిసెప్షన్‌లో అమ్మాయికో నంబరిచ్చి "నాలుగు నంబర్ల ముందు ఒక ఫోన్ కొట్టండి" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. బయట చెట్టు కిందో, వరండాలోనో ఉండొచ్చు. అన్నట్టు, ఒంటి మీద పొక్కులో, దద్దురులో ఉన్న పిల్లల్ని తెస్తే మాత్రం హాల్లో కూర్చోకముందే చెప్పండి, మేమే విడిగా కూర్చోబెడతాం.

మొదటి అరగంట తిప్పండి. ఇదిగో ఇక్కడ బరువు చూస్తారు, ఇక్కడ పొడుగు చూస్తారు, ఆ కుర్చీలో డాక్టర్ గారు కూర్చుంటారు, ఆ గదిలో టీకా వేస్తారు, ఆ గేటులోంచి మనం ఇంటికెళ్లిపోతాం అని వరుసగా చూపించండి. టోకెన్ చీటీ తన చేతికే ఇవ్వండి. మా ఓపీకి ఒక లారీ డ్రైవరు కొడుకుని తీసుకొచ్చేవాడు, ఉబ్బసం పిల్లాడు, మందుని పొగలా పీల్పించే నెబ్యులైజర్ మాస్కు చూస్తే వణికిపోయేవాడు. ఆ తండ్రి టోకెన్ నంబర్లని ఊళ్లు చేసేశాడు. పదకొండు పిలిస్తే చిలకలూరిపేట వచ్చింది, పన్నెండు పిలిస్తే గుంటూరు దాటాం, మన పద్నాలుగు విజయవాడ, అక్కడ దిగాలి. నంబర్ పిలిచినప్పుడల్లా పిల్లాడు నాన్న మోకాలి మీద నొక్కి హారన్ కొట్టేవాడు. వాడికి ఎంతసేపు కూర్చున్నామన్నది తెలిసేది, ఇంకెంత దూరముందో తెలిసేది. అంకెలు రాని పిల్లలకి గంట అంటే ఏమీ అర్థం కాదు, ఇలాగైతే అర్థమవుతుంది. పిల్లల భయానికి సంబంధించి నేను విన్న శిక్షణ తరగతులన్నిటికన్నా ఆయన దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

మీ అత్తగారి పని ఇక్కడ. కూర్చుని ఆడే ఆటలు ఆవిడకి వచ్చినన్ని మనకి రావు. కాళ్లు చాపుకుని ఆడే కాళ్లాగజ్జె, చేతులతో ఆడే చెమ్మచెక్క, పొడుపు కథలు. చెమ్మచెక్కలో చేతులూ, నోరూ, కళ్లూ అన్నీ పనిలో ఉంటాయి కాబట్టి బెంగకి చోటు తక్కువ. ఈ గదిలో ఎర్రవి ఎన్నున్నాయో చెప్పు, చెప్పులు ఎన్ని జతలో చెప్పు అని వెతికించే ఆటలూ మంచివే. ఇంటి నుంచి రెండు బొమ్మలు, ఒక రంగుల పుస్తకం తెచ్చుకోండి. హాల్లో ఉండే బొమ్మల్ని అందరు పిల్లలూ నోట్లో పెట్టుకుంటారు, ముఖ్యంగా దూది బొమ్మల్ని ముట్టుకోనివ్వకండి.

ఫోన్ విషయంలో నా పద్ధతి చాలామందికి వింతగా ఉంటుంది. హాల్లో ఇవ్వకండి. సూది కోసం దాచండి. గంటన్నర చూసిన వీడియోకి, అసలు గదిలోకి వెళ్లేసరికి పస ఉండదు. మీ పాప ఫోన్ చూడట్లేదంటే ఒక కారణం ఇదే కావచ్చు, అప్పటికే భయం నెత్తికెక్కిన పిల్లకి ఏ తెరా కనబడదు. తను ఇంతవరకూ చూడని, తనకిష్టమైన రకం వీడియో ఒకటి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆస్పత్రి లోపలి గదుల్లో సిగ్నల్ ఉండదు, సరిగ్గా ఆ క్షణాన చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. గదిలోకి అడుగుపెట్టాక మొదలుపెట్టి, సూది అయిపోయాక కూడా రెండు నిమిషాలు నడవనివ్వండి.

రెండు గంటల నిరీక్షణ నిజంగా పనికొచ్చేది ఒకచోట ఉంది. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన తిమ్మిరి క్రీమ్ ఒకటి ఉంటుంది. సూది పడేచోట మందంగా రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ పట్టీ అంటించి గంటసేపు ఉంచాలి. పది నిమిషాలుంచి తుడిచేస్తే లాభం లేదు, అందుకే హడావుడి ఓపీల్లో ఎవరూ దాని పేరెత్తరు. మీరు ఎలాగూ గంట కూర్చుంటారు! డాక్టర్ గారిని ముందే అడిగి, ఎంత రాయాలో, ఎక్కడ రాయాలో చెప్పించుకోండి. నెలల పిల్లలకి మాత్రం అడక్కుండా అస్సలు రాయకూడదు. దీంతో చర్మం మీద గుచ్చిన నొప్పి తగ్గుతుంది, కండలోకి మందు వెళ్లేటప్పుడు బరువుగా తెలుస్తుంది, అది కూడా పాపకి చెప్పండి. కాన్యులాకీ, రక్తం తియ్యడానికీ అయితే ఈ క్రీమ్ ఇంకా బాగా పనిచేస్తుంది.

చివరి పావుగంటలో సబ్బు బుడగల డబ్బా తియ్యండి. పది రూపాయల వస్తువు, హాల్లో నలుగురు పిల్లలు చుట్టూ చేరతారు, మీ పాపకీ కాస్త పెద్దరికం వస్తుంది. బుడగ పగలకుండా పెద్దది రావాలంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. అలా ఊపిరి వదులుతున్నంతసేపూ ఒంట్లో బిగువు సడలుతుంది, భుజం కండ మెత్తబడితే సూది నొప్పీ తక్కువ. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని నాలుగేళ్ల పిల్లకి చెప్తే బిగబట్టుకుంటుంది. బుడగ ఊదమంటే తనే వదులుతుంది. గదిలో సరిగ్గా సూది పడేటప్పుడు కూడా ఊదించండి.

పక్క కుర్చీలవాళ్ల సంగతి మర్చిపోయాను. "అయ్యో తల్లీ, సూదా? పెద్దదేనా?" అనే జాలి మనుషులు ప్రతి హాల్లోనూ ఒకరుంటారు. "ఏడిస్తే పోలీసుని పిలుస్తా" అనే తాతగారు ఇంకొకరు. నవ్వుతూ "మా పాపకి అన్నీ తెలుసండీ" అనేసి అక్కడితో ఆపండి.

లోపలికి పిలిచినప్పుడు, "అమ్మా మీరు బయటుండండి" అంటారేమో. ఇది మా వాళ్లలో పాత అలవాటు. మా వైపు కారణం కూడా చెప్పాలి: సూది చూసి కళ్లు తిరిగి పడిపోయిన నాన్నల్ని, సిస్టర్ చెయ్యి పట్టి లాగిన తల్లుల్ని చూసిన భయం అది. "నేను పాపని పట్టుకుని కూర్చుంటాను, సూది వైపు చూడను, మధ్యలో మాట్లాడను" అని మీరే ముందు చెప్తే చాలావరకు ఒప్పుకుంటారు. టీకాల నొప్పి తగ్గించడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో కూడా తల్లో తండ్రో పక్కనే ఉండాలనీ, పెద్ద పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టాలనీ, ఒకటికి మించి టీకాలుంటే ఎక్కువ నొప్పి పెట్టేది చివర్లో వెయ్యాలనీ ఉంది. మీకే చేతులు వణుకుతాయనుకుంటే మీరు వెళ్లకండి, వాళ్ల నాన్ననో, నానమ్మనో పంపండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

పాపని బల్ల మీద పడుకోబెట్టి అదిమి పట్టుకోవడం ఆమెకున్న పాత జ్ఞాపకం. అదే మళ్లీ జరగనివ్వకండి. మీ ఒళ్లో మీకెదురుగా కూర్చోబెట్టుకోండి, తన కాళ్లు మీ నడుముకి రెండు వైపులా, తన గడ్డం మీ భుజం మీద. ఒక చెయ్యి మీ వీపు చుట్టూ, టీకా వేసే చెయ్యి మీ అరచేతిలో. బయటినుంచి చూస్తే కౌగిలి, కానీ చెయ్యి కదలదు. ఏ చేతికి వేయించుకుంటుందో తననే చెప్పమనండి. చూస్తావా, అటు తిరుగుతావా అని అడగండి. నిజంగా తన ఇష్టానికి వదలగలిగినవే అడగండి. ఒక మాట మాత్రం నేను ప్రతి పిల్లకీ చెప్తాను: "ఏడవొచ్చు, గట్టిగా అరవొచ్చు, చెయ్యి మాత్రం బొమ్మలా ఉంచాలి." ఏడవకూడదన్న షరతు తీసేస్తే సగంమంది ఏడవరు. ప్లాస్టర్ అడిగి మరీ వేయించండి. ఆ వయసు పిల్లలు చిల్లు పడితే లోపలిదంతా కారిపోతుందనుకుంటారు, ప్లాస్టర్ వేస్తే మూత పడినట్టు లెక్క.

మా దగ్గర తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవ్వని, పుట్టుకతో వచ్చే జబ్బు) పిల్లలు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వస్తారు. కొత్తవాళ్లు చూస్తే ఆశ్చర్యపోతారు, ఆరేళ్ల పిల్ల చెయ్యి చాపి "ఇక్కడ కాదు సిస్టర్, ఈ నరం పగిలిపోతుంది, ఇది చూడండి" అంటుంది. వాళ్లకి నొప్పి తక్కువేం కాదు. కానీ అదే మంచం, అదే సిస్టర్, అదే వరుస, తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకి తెలుసు. పదే పదే రావాల్సిన జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇదే, వీలైనంతవరకు అదే రోజు, అదే మనుషులు ఉండేలా అడిగి పెట్టించుకోండి.

మిగతా వయసులవాళ్ల గురించి క్లుప్తంగా. 6, 10, 14 వారాల టీకాలకి వచ్చే బుజ్జాయిలకి తల్లిపాలు పడుతూ వేయించడమే పెద్ద మందు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి కొత్త మొహాలంటేనే భయం, వాళ్లని హాల్లో చేతులు మార్చి ఎత్తుకోకండి. బడి పిల్లలకి లెక్కలు కావాలి: సీబీపీకి తీసే రక్తం రెండు మూడు ఎంఎల్, టీ స్పూన్లో సగం, నీ ఒంట్లో లీటరుకి పైనే ఉంది అని చెప్తే తేలికపడతారు. పన్నెండు పదమూడేళ్ల వాళ్లు భయపడుతున్నామని ఒప్పుకోరు, మొహం పాలిపోయి కూర్చుంటారు. ముందెప్పుడైనా కళ్లు తిరిగాయా అని అడిగి, అయితే పడుకోబెట్టి వెయ్యమని మాకు చెప్పండి. చప్పుళ్లు, లైట్లు, తాకడం భరించలేని ఆటిజం పిల్లలకి పైన రాసిన ఆటలు కొన్ని పనికిరావు. వాళ్లకి చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, బయట కారులో నిరీక్షణ, మొదటి నంబర్, ఇవి ముఖ్యం. సంకోచం లేకుండా అడగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా చదువుతుంటే, అక్కడి పిల్లల ఆస్పత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్టులని, ఆటలతో, మాటలతో పిల్లల భయం తగ్గించేవాళ్లు విడిగా ఉంటారు. క్లీవ్‌లాండ్‌లో ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ 1955లో మొదలుపెట్టిన పనితో పెరిగిన వృత్తి అది. అపాయింట్‌మెంట్ రోజే ఆ మనిషి కావాలని అడగండి. ఇక్కడ మామూలు ఆస్పత్రుల్లో ఆ పని తల్లి, ఆయమ్మ, సిస్టర్ కలిసి చేసుకోవాల్సిందే. ఆస్పత్రి నడిపేవాళ్లకి కూడా ఒక మాట. గోడల మీద జిరాఫీ బొమ్మలు వేయించడం మంచిదే, కానీ ముందు ఇంజెక్షన్ గదికి శబ్దం బయటికి రాని తలుపు పెట్టించండి.

ఇవన్నీ చేసినా నాలుగు రోజుల ముందు నుంచే నిద్రపోకపోవడం, ఇంట్లో పక్క తడపడం మొదలవడం, ముగ్గురు పట్టుకుంటే గానీ కుదరకపోవడం ఉంటే డాక్టర్ గారికి ముందే చెప్పండి. అత్యవసరం కాని సూది అయితే ఆ రోజుకి ఆపి, ఇంకోరోజు పెట్టుకోవచ్చు. స్కానింగుల్లాంటి వాటికి ముందు ఇచ్చే మత్తు మందులూ ఉన్నాయి. పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లడం కూడా ఇలాంటి భయాలకి మామూలే.

అయిపోయాక ఇంటి దారిలో ఎంత ఏడ్చిందో నానమ్మకి, తాతయ్యకి ఫోన్ చేసి చెప్పకండి, పక్కన కూర్చుని వింటూ ఉంటుంది. తను చేసినవి చెప్పండి: టోకెన్ నువ్వే పట్టుకున్నావు, చెయ్యి కదపలేదు, పెద్ద బుడగ ఊదావు. కొనిపెడతానన్న చిన్న వస్తువు ఏదైనా ఉంటే ఏడ్చినా ఏడవకపోయినా కొనిపెట్టండి. డీపీటీ బూస్టర్ తర్వాత సాయంత్రానికి చెయ్యి బరువెక్కి వాపు రావొచ్చు, ఒకటి రెండు రోజులు జ్వరం ఉండొచ్చు. పారాసెటమాల్ ఎంత ఇవ్వాలో బరువుని బట్టి అక్కడే రాయించుకోండి, చల్లటి తడిగుడ్డ వెయ్యండి, రుద్దకండి. ఆ రాత్రి చెయ్యి నొప్పి పుడుతుందని, రెండు రోజుల్లో పోతుందని పాపకి కూడా ఆస్పత్రి నుంచి బయల్దేరేటప్పుడే చెప్పేయండి. మర్నాడు బడిలో ఆటల పోటీనో, డ్యాన్స్ ప్రోగ్రామో ఉంటే టీకా తేదీ ఇప్పుడే మార్చుకోండి.